చొక్కా తొడుక్కున్న మేక

"అమ్మా, చొక్కా తొడుక్కుని బడికెళ్ళిన మేక కథ నీకు తెలుసా?"

కూతురు పాలు తాగుతూ అడిగింది. తల్లి చేతిలో గిన్నె జారి గట్టు మీద పడింది.

"ఎవరు చెప్పారే నీకు?"

"కథల అమ్మమ్మ! ప్రతి శుక్రవారం మా క్లాసులో చెబుతుంది. ఇంత లావు పుస్తకం చూస్తూ. మేక ఎవరూ గుర్తుపట్టకుండా ఆఖరి బెంచీలో కూర్చుంటుందా, టీచరు హాజరు పిలుస్తుందా, అప్పుడూ..."

"మే అంటుంది," అంది తల్లి.

"అరె, నీకెలా తెలుసు?"

"ఆ పుస్తకానికి నీలం అట్టా?"

"అవును. ఒక మూల కాలిపోయి ఉంటుంది."

ఇంకేం కావాలి? ఆ మనిషి ఇంకా బతికే ఉందన్నమాట. ఇంకా పసిపిల్లల్ని మోసం చేస్తూనే ఉందన్నమాట.

కూతురి బడి పుస్తకాలు తప్ప ఆ ఇంట్లో వెతికినా ఒక్క పుస్తకం దొరకదు. తల్లి బస్సుల్లో టికెట్లు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టరు. డిపోలో అందరూ ఆమెను 'డేగ' అంటారు. జేబులో టికెట్టు భద్రంగా ఉన్నవాడికి కూడా ఆమెను చూస్తే చెమటలు పట్టాల్సిందే.

"ప్రమోషన్ పరీక్ష రాయరాదూ?" అని తోటివాళ్ళు పోరితే, "పుస్తకం ముట్టుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది" అనేది. ఎందుకు మండుతుందో మాత్రం ఎవరికీ చెప్పలేదు.

ఆమె చిన్నప్పుడు వాళ్ళమ్మ ఒక లాండ్రీలో పనిచేసేది. అక్కడ ఇస్త్రీ చేసే మనిషిని ఈ పిల్ల 'అత్తా' అని పిలిచేది. ఇస్త్రీపెట్టె వేడెక్కేలోగా అత్త పిల్లను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, నీలం అట్ట పుస్తకం తెరిచి కథ చదివేది. రోజుకో కొత్త కథ.

"ఇన్ని కథలూ ఇందులోనే ఉన్నాయా అత్తా?"

"లేకపోతే ఎక్కడ్నించి వస్తాయే పిచ్చిమొహమా!"

పిల్ల నమ్మింది. నమ్మదూ మరి, అత్త చెప్పాక?

బడిలో చేరిన కొత్తల్లో టీచరు అడిగింది, "మీలో ఎవరికి చదవడం వచ్చు?"

మర్నాడు పిల్ల అత్తకు చెప్పకుండా ఆ పుస్తకం సంచిలో పెట్టుకుపోయింది. అందరి ముందూ నిలబడి, పేజీలు తిప్పుతూ మేక కథంతా గడగడా చదివేసింది.

టీచరు పుస్తకం తీసుకుని చూసింది.

"ఇది బట్టలుతికే మెషీను బాగుచేసుకునే పుస్తకం కదే!"

క్లాసంతా పడీపడీ నవ్వింది. ఆ బడి వదిలేదాకా ఆమె పేరు 'మేకపిల్ల'.

ఆ సాయంత్రం పిల్ల పుస్తకాన్ని ఇస్త్రీబల్ల మీదికి విసిరికొట్టింది. దాని మూల పెట్టెకు తగిలి కాలింది.

"నువ్వు అబద్ధాలకోరువి!"

అత్త కొంగుతో ఆ మూలను ఆర్పింది. పిల్ల మళ్ళీ ఆ గడప తొక్కలేదు. ఆ తర్వాత ఏ పుస్తకం తెరిచినా ముందు ఆ నవ్వే వినబడేది.

ఆ శుక్రవారం తల్లి యూనిఫారంలోనే కూతురి బడికి వెళ్ళింది. ఎవరినీ అడక్కుండా క్లాసులోకి నడిచింది.

పిల్లలంతా నేలమీద గుంపుగా కూర్చున్నారు. మధ్యలో కుర్చీలో ముసలావిడ, ఒళ్ళో నీలం అట్ట పుస్తకం.

"ఏం కావాలి మేడమ్?" అంటూ టీచరు లేచింది.

"ఆ పుస్తకం కావాలి."

టికెట్టు అడిగినట్టే చెయ్యి చాపింది. ముసలావిడ ఇచ్చేసింది.

"పిల్లలూ, ఇది కథల పుస్తకం కాదు. మెషీను రిపేరు పుస్తకం. ఇందులో మేకా లేదు, చొక్కా లేదు. ఈవిడకి అసలు చదవడమే రాదు. నేను నమ్మి నవ్వులపాలయ్యాను. మీరు నమ్మకండి!"

"ఆంటీ, అది మాకూ..." అంటూ ఒక పిల్లవాడు లేచాడు.

"ఊరుకో నాన్నా," అంది ముసలావిడ.

తర్వాత ఆమెను కిందినుంచి పైదాకా చూసింది.

"ఎంత పొడుగైపోయావే!"

"ఆ కబుర్లొద్దు. చేసింది మోసమా, కాదా?"

"మోసమేనమ్మా."

కుర్చీ పట్టుకుని లేచింది. గుమ్మం దగ్గర చెప్పులు వెతుక్కుని వేసుకుని వెళ్ళిపోయింది. పుస్తకం ఇన్‌స్పెక్టరమ్మ చేతిలోనే ఉండిపోయింది.

ఇన్నేళ్ళ కసి తీరిందనుకుంది. దారిపొడుగునా కూతురు ఆమె చెయ్యి పట్టుకోలేదు. నాలుగు రోజులు ముభావంగానే తిరిగింది.

చివరికి తల్లే అడిగింది, "ఎందుకే ఆ మూతి?"

"కథల అమ్మమ్మ సోమవారం నుంచీ బడికి రావడం లేదు."

"శుక్రవారం వచ్చే టీచరుకి సోమవారం ఏం పని?"

"అమ్మమ్మ టీచరని నీకెవరు చెప్పారు?"

తల్లి తలెత్తింది.

"తనకి చదవడం రాదని, అది మెషీను పుస్తకమని మాకు మొదటిరోజే చెప్పేసింది. కథలన్నీ తను అల్లినవే. కానీ ఆ పుస్తకం ఒళ్ళో లేకపోతే కథ రాదట."

తల్లి కూతురి పక్కన కూర్చుంది.

"మరి... బడికెందుకొస్తోంది?"

"మొన్న మా టీచరు అమ్మమ్మ ఇంటికెళ్ళి రమ్మని పిలిచింది. 'ముసలి మేకకి బడెందుకులే' అందట." కూతురి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "రోజూ నా పక్కనే, ఆఖరి బెంచీలో కూర్చుని అక్షరాలు నేర్చుకునేది అమ్మా. ఎప్పుడో తనని నమ్మిన పాప ఒకతె ఉండేదట, ఎప్పటికైనా కనబడితే ఈసారి పుస్తకంలో ఉన్నది ఉన్నట్టే చదివి వినిపించాలట."