ఒక్క దీర్ఘం

త్రినాథరావు పళ్ళెంలోని బియ్యం మీద ఉంగరంతో 'చా' అని రాశాడో లేదో, పక్క పీట మీద కూర్చున్న లక్ష్మీకుమారి అరచేత్తో ఆ అక్షరాన్ని చెరిపేసింది.

"ఆ పేరు నా కూతురికి వద్దు."

బారసాలకు వచ్చిన పేరంటాళ్ళ తలలన్నీ ఇటు తిరిగాయి. ఉయ్యాలకు బంతిపూలు కడుతున్న అప్పలనరసమ్మ దండ అలాగే వదిలేసి వచ్చి, కోడలి ఎదుట నిలబడింది. పురుటి సాయానికని విజయనగరం నుంచి భిలాయికి వచ్చి ఆమెకు ఇంకా నెల తిరగలేదు. ఇక్కడి పొగా, ఇక్కడి హిందీ మాటా రెండూ ఒంటబట్టలేదు. అయినా ఈ ఇంటికి పెద్ద తానేనన్న విషయంలో మాత్రం ఆమెకు రవంత సందేహమూ లేదు.

"ఏటే, చాలమ్మంటే ఏటి తక్కువైపోనాది? మా వేపు ఊరికి నలుగురు చాలమ్మలున్నారు. వరసాగ్గా ఆడగుంటలే పుట్టుకొస్తంటే, 'ఇంక చాలు తల్లీ' అని అమ్మవారికి చెప్పుకోడానికి ఎట్టే పేరది. మా పెత్తల్లి కూతురికి ఎట్టేరు. దాని ఎనకాల ముగ్గురూ మగపిల్లలే! నీకిది నాలుగోది. ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడు చెప్తావే?"

"అమ్మవారికి చెప్పాలంటే గుడికెళ్ళి చెప్పు అత్తా, నా పిల్ల మీద రాసి చెప్పకు. రోజుకి ఎన్నిసార్లు పిలుస్తాం దీన్ని? పిలిచిన ప్రతిసారీ 'నువ్వెందుకు పుట్టావే' అని అడిగినట్టే కదా! బస్, నేనొప్పుకోను. దీని పేరు అపరాజిత."

"అపరా... ఏటీ? నోరు తిరిగి చావదు!"

పేరంటాళ్ళలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వుతో అప్పలనరసమ్మకు రోషం ముంచుకొచ్చి కొడుకు వైపు తిరిగింది. ఉక్కు ఫ్యాక్టరీలో కొలిమిలోంచి ఏరులై పారే ఇనుము ముందు ఏనాడూ బెదరని త్రినాథరావు, ఆ ఇద్దరు ఆడవాళ్ళ నడుమ పళ్ళెంలోని బియ్యం కేసి చూస్తూ బొమ్మలా కూర్చున్నాడు.

"సరే అయితే! ఆ పేరు ఎట్టకపోతే నాను సాయంత్రమే దుర్గ్‌లో బండెక్కేస్తాను. ఈ గుంటని ఎత్తుకోను, దీనికి నీళ్ళూ పొయ్యను."

"బండి టైము నీ కొడుకునడుగు," అంది కోడలు.

అప్పలనరసమ్మ కోపం పైకి కనిపించేదే గాని, లోపల ఉన్నది బెంగ. పోయిన పెనిమిటి నూకరాజు పేరు పెట్టుకోవడానికి ఒక్క మనవడైనా పుట్టకుండానే తన కళ్ళు మూతపడతాయేమోనన్నదే ఆ బెంగ. నలుగురిలో కంట నీరు పెట్టడం ఆమెకు చేతకాదు. అందుకని మరింత గట్టిగా అరిచింది.

"బాబూ, గోపాలస్వామిగారూ! పెద్దలు మీరు. మీరైనా చెప్పండి దీనికి!"

పురోహితులు గోపాలస్వామిగారు గొంతు సవరించుకున్నారు.

"అమ్మా, నామకరణానికీ ఒక శాస్త్రముంది. ఆడపిల్ల పేరు పలకడానికి సుఖంగా ఉండాలి. అర్థం మంగళకరంగా ఉండాలి. చివర దీర్ఘం ఉండాలి. అపరాజితా అన్నది సంస్కృతంలో దీర్ఘాంతం. చాలమ్మ అంటే చివరిది హ్రస్వం. శాస్త్రం ఒప్పదు."

"మా వేపు పంతుళ్ళకి లేని శాస్త్రం మీకేటి బాబూ? ఊరూరా చాలమ్మలు బతకలేదా? పిల్లల్ని కనలేదా?"

పంతులుగారు ఉత్తరీయం అంచు సరిచేసుకోసాగారు.

లక్ష్మీకుమారి ఒడిలో నిద్రపోతున్న పసిదాన్ని చూసి తలెత్తింది. గొంతులో ఇందాకటి దురుసు లేదు.

"పంతులుగారూ, చివర దీర్ఘముంటే దోషం లేదు కదా?"

"అర్థమూ మంచిదై ఉండాలమ్మా."

"మంచిదే. అయితే చాలూ అని పెట్టండి."

చకారాన్ని కాస్త నొక్కి, చివరి అక్షరాన్ని సాగదీసి పలికింది. త్రినాథరావు తటాలున తలెత్తి ఏదో అనబోయాడు. భార్య కళ్ళు చూసి మానుకున్నాడు. పంతులుగారికి హఠాత్తుగా దగ్గు వచ్చింది. ఉత్తరీయం నోటికి అడ్డం పెట్టుకుని, "దివ్యంగా ఉంది, దివ్యంగా ఉంది," అన్నారు.

అప్పలనరసమ్మ ఒక్క క్షణం ఆలోచించింది. చివర 'అమ్మ' పోతే పోయింది, అమ్మవారి చెవిన పడవలసిన మాట పడుతుంది. అదే పదివేలు.

"చూసేవా, ఎంత బిగుసుకున్నా ఆఖరికి దారికొచ్చేవు!" అని కోడలి బుగ్గ పుణికింది. పసిదాన్ని తానే ఎత్తుకుని, చెవి దగ్గర నోరు పెట్టి, వాకిట్లోకి వినిపించేలా మూడుసార్లు పిలిచింది.

"చాలూ! చాలూ! చాలూ!"

ఆ కేకకు పక్క క్వార్టరు ఫూల్‌మతి పసుపు కుంకుమల పళ్ళెం పట్టుకుని ముందుకు వచ్చింది. ఛత్తీస్‌గఢ్ మనిషి. తెలుగు ముక్క రాదు.

"నామ్ క్యా రఖా, మాజీ?"

నామ్ అంటే పేరని అప్పలనరసమ్మ ఈ నెలలో నేర్చుకుంది. మెడ నిటారుగా చేసి చెప్పింది.

"చాలూ!"

ఫూల్‌మతి కళ్ళు పెద్దవి చేసి, పగలబడి నవ్వింది.

"అరే వాహ్, చాలూ! తో అగలీ బేటీ కబ్?"

వాకిలంతా ఘొల్లుమంది. అప్పలనరసమ్మ నవ్వుతున్న ముఖాలన్నీ కలయజూసి, కోడలి వైపు తిరిగింది.

"ఏటే, ఏటంతంది?"

లక్ష్మీకుమారి లేచి, కూతుర్ని అందుకుని భుజాన వేసుకుంది.

"ఈ ఊరి మాటలో చాలూ అంటే గడుసుది, ఆగకుండా నడిచేది అని అత్తా. మన వరస ఆగలేదు కదా, తరవాతి ఆడపిల్ల ఎప్పుడని అడుగుతోంది."