వచ్చే ఆదివారానికి

“ఉమాశ్రీ పాప ఇల్లు ఇదేనా అండీ?”

గేటు దగ్గర నిలబడ్డ మనిషిని త్రిపురసుందరి ఎగాదిగా చూసింది. ఎండకి కమిలిన మొహం. నలభై దాటి ఉంటాయి. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, చేతిలో బైబిలు.

“మీరు?”

“స్టీఫెన్ అంటారండీ. గిలకలదిండి రేవులో చేపల బోటు డ్రైవర్ని. పాప పడవ కట్టిందంట, చూసి పోదామని.”

ఆమె ఇంకేదో అడిగేలోపే ఉమాశ్రీ గదిలోంచి వచ్చింది. ఆ పిల్ల గది దాటి రావడమే వింత. గుడివాడలో ఇంజినీరింగు మధ్యలో వదిలేసి బందరు వచ్చేసిన దగ్గర్నుంచి, తల్లి పాఠాలు చెప్పడానికి స్కూలుకి వెళ్లేటప్పుడు ఎలా పడుకుని ఉండేదో, తిరిగొచ్చేసరికీ అలాగే ఉండేది.

“రండి అంకుల్, మేడమీద ఉంది.”

చిన్నప్పటి ప్లాస్టిక్ ఇటుకలు. బొడిపెల మీద నొక్కితే ఒకదానికొకటి అతుక్కునేవి. అటక మీంచి దించి, రంగుల వారీగా ఊరగాయ డబ్బాల్లో పోసుకుని, వారమంతా కూర్చుని పడవ కట్టింది ఉమాశ్రీ. వాన వెలిసాక మేడమీద నీళ్లు నిలిచిన చోట దాన్ని పెట్టి, తను బోర్లా పడుకుని, ఫోను తలకిందులుగా నీటికి ఆనించి ఫొటో తీసింది.

ఫొటోలో అది బొమ్మలా లేదు. వేట ముగించుకుని వస్తున్న బోటులా ఉంది.

స్టీఫెన్ చాలాసేపు చూశాడు.

“చుక్కాని మరీ చిన్నదైపోయింది పాపా. దీన్నేసుకుని వెళ్తే నేను ఇంటికి రాను.”

ఉమాశ్రీ నవ్వింది. కూతురు నవ్వగా చూసి ఎన్నాళ్లయిందో త్రిపురసుందరికి గుర్తులేదు.

“సరే, వచ్చే ఆదివారానికి నాకు ఐసు ఫ్యాక్టరీ కావాలి,” అన్నాడతను.

వచ్చే ఆదివారం వచ్చాడు. ఆ పై ఆదివారమూ వచ్చాడు. ఐసు ఫ్యాక్టరీ అయ్యాక చేపల వేలం షెడ్డు, అదయ్యాక లైట్‌హౌసు. చర్చి నుంచి నేరుగా రావడం, చూడడం, ఏదో వంక పెట్టడం, ఇంకొకటి కోరడం.

త్రిపురసుందరి అతనికి పేపరు కప్పులో కాఫీ ఇచ్చేది.

“ఎవరండీ ఆయన? మీవాళ్లలా లేరే?” అంది పక్కింటి సుమతి ఒకరోజు గోడ మీంచి.

ఆ మాట త్రిపురసుందరి మనసులో నాటుకుపోయింది. ఈడొచ్చిన పిల్ల. భర్త పోయాక తామిద్దరే ఉంటున్న ఇల్లు. ముక్కూ మొహం తెలియని మగవాడు.

“ఆయన నీకెలా తెలుసే?”

“తెలుసు,” అంది ఉమాశ్రీ, తలెత్తకుండా.

ఆ ఆదివారం త్రిపురసుందరి గేటు తియ్యలేదు.

“స్టీఫెన్ గారూ, ఏమీ అనుకోకండి. ఇకమీదట మీరు రావద్దు.”

అతను తెల్లబోయాడు. మేడమీదికి చూశాడు. పిట్టగోడ దగ్గరున్న ఉమాశ్రీ, చెప్పొద్దన్నట్టు తల అడ్డంగా ఊపి లోపలికి వెళ్లిపోయింది.

నోటిదాకా వచ్చిన మాట మింగేశాడు.

“పాపని ఒక్కదాన్నీ ఉంచకండమ్మా.”

“మా పిల్ల సంగతి మాకు తెలుసండీ.”

“అయితే ఒక్క మాట చెప్పండి చాలు. వచ్చే ఆదివారానికి స్టీఫెన్‌కి వంతెన కావాలంట అని చెప్పండి. పెద్దది. పులిగడ్డ వంతెనంత. నేను రాకపోయినా ఫొటో తీసి ఉంచమనండి.”

ఆమె తలూపింది.

కూతురికి చెప్పలేదు.

ఆ వారం ఉమాశ్రీ కట్టినవన్నీ విప్పేసింది. ఏ ఇటుకకా ఇటుక ఊడదీసి, డబ్బాల్లో పోసి, మూతలు బిగించింది. బొమ్మలాట మానింది కదా, ఇక పుస్తకం పడుతుందని త్రిపురసుందరి సంతోషించింది కూడా.

ఆదివారం ఆమె బజారు నుంచి వచ్చేసరికి ఉమాశ్రీ ఇంట్లో లేదు.

సాయంత్రం పోలీసులు ఫోన్ చేశారు. తనంతట తనే ప్రాణం తీసుకుందన్నారు. కారణమేమైనా తెలుసా అమ్మా అని అడిగారు.

త్రిపురసుందరికి తోచిన కారణం ఒక్కటే. దినాలు అయిన మర్నాడు ఆటో ఎక్కి గిలకలదిండి వెళ్లింది.

స్టీఫెన్ రేవులో ఒక బోటు నీడన ఒంటరిగా కూర్చుని ఉన్నాడు. ఆమెని చూసి లేచి నిలబడ్డాడు. విషయం అప్పటికే తెలిసినట్టుంది, కళ్లు వాచి ఉన్నాయి.

“ఏం చేశావురా నా బిడ్డని?”

గారూ లేదు, అండీ లేదు.

“ఎందుకొచ్చేవాడివి మా ఇంటికి? ఏం నూరిపోశావు దానికి?”

వలలు బాగుచేసుకుంటున్నవాళ్లు చేతులు ఆపేశారు. ఆమె అతని చొక్కా పట్టుకుని ఊపేసింది. అతను విడిపించుకోలేదు.

“అమ్మకి చెప్పొద్దని నాచేత ఒట్టు వేయించుకుందమ్మా,” అన్నాడు. “ఆ రోజు మీ గేటు దగ్గరే ఆ ఒట్టు గట్టున పెట్టాల్సింది. పెట్టలేకపోయాను.”

“ఏం చెప్పొద్దంది?”

అతను రేవు నీళ్లకేసి చూశాడు.

“వానలు మొదలైనప్పుడు పాప ఇక్కడే దూకిందమ్మా, నేనే పైకి లాగాను. రేపు లేచి నేనేం చెయ్యాలి, ఎందుకు తీశావని ఒకటే ఏడుపు. నాకేం చెప్పాలో తెలీక, నీకేది ఇష్టమని అడిగితే బొమ్మ ఇటుకలంది. అయితే నాకో పడవ కట్టిపెట్టు, ఆదివారం వచ్చి చూస్తాను, అప్పటిదాకా ఉండు తల్లీ అన్నాను... అలా ఒక్కో ఆదివారం అడుక్కుంటూ, ఇన్నాళ్లూ బతికించుకొస్తున్నానమ్మా.”