మోతీకి స్నానం

మోతీ కనిపించకుండా పోయిన రోజున మూడేళ్ళ పాప ఏడుపు బజారు చివరిదాకా వినిపించింది.

"కుక్కెక్కడికి పోద్దే? బకెట్టు చూసి పారిపోయుంటది!" అన్నాడు పాప తండ్రి చెంచయ్య.

పంతొమ్మిది వందల ఎనభై అయిదు, ఊరంతా పత్తే. చేలో కొట్టగా మిగిలిన పురుగుమందు నీళ్ళలో కలిపి కుక్కకు పోస్తే పిడుదులు రాలిపోతాయని అందరూ చేసే పనే అతనూ చేయబోయాడు.

అతని భార్య కోటిరత్నం పాపను చంకనేసుకుని వీధులన్నీ గాలించింది. మోతీ బస్సు ఆగే చోట దొరికింది.

ఎవరో పెద్దాయన ఒడిలో వెల్లకిలా పడుకుని ఉంది. ఆయన దాని చెవుల్లోంచి పిడుదులు లాగి కిరసనాయిలు డబ్బాలో వేస్తున్నాడు.

"అది మా కుక్కండీ!"

"మీదేనా తల్లీ? చెవులు అయిపోయాయి. వేళ్ళ సందులు మిగిలాయి. కాస్త ఆగు."

కోటిరత్నానికి నవ్వొచ్చింది. "మీకెందుకండీ ఈ తిప్పలు? ఇంటికాడ పత్తిమందు కలిపి పెట్టాడు మా ఆయన."

ఆయన చెయ్యి ఆగిపోయింది.

"ఇల్లెక్కడ? పద, పద!"

ఆ వయసులో అంత వేగం ఎలా వచ్చిందో! వాకిట్లోకి వస్తూనే బకెట్టు లాక్కున్నాడు. పెరటి గోతిలో కుమ్మరించి మట్టి లాగేశాడు.

"ఎవడ్రా నువ్వు? నా మందు పారబోయటానికి?" చెంచయ్య ఆయన చొక్కా పట్టుకున్నాడు.

"కుక్క ఒళ్ళు నాక్కుంటుంది బాబూ. పాప కుక్కను వాటేసుకుంటుంది."

చెంచయ్య చెయ్యి వదులైంది.

"మరెట్టా పోతాయండీ అవి?" అంది కోటిరత్నం.

"పట్టకముందే చూసుకోవాలమ్మా. గోడ పగుళ్ళు మట్టితో మెత్తు, గుడ్లన్నీ అక్కడే. పడుకునే గోతాం ఎండలో వెయ్యి. కానుగ నూనె రాయి. వారానికోసారి ఒళ్ళంతా వెతుకు."

ఇంతలో వినుకొండ బస్సు హారను వినిపించింది. ఆయన మంచినీళ్ళైనా తాగకుండా పరుగున వెళ్ళి ఎక్కేశాడు.

నెల తిరిగేసరికి మోతీ ఒంటిమీద వెతికినా ఒక్కటి లేదు!

పక్కింటి సుబ్బరావమ్మ పరుగెత్తుకొచ్చింది. "మా నల్లదానికీ చూడవే, నీకు పుణ్యముంటది!"

ఆదివారం వస్తే ఆ వీధిలో తిరనాళ్ళే. అరుగుకో కుక్క, కుక్కకో మనిషి.

"ఒసేవ్, నాకు పన్నెండు దొరికినయ్!"

"నాకు ఇరవై! నువ్వు కళ్ళజోడు పెట్టుకోవే!"

చెంచయ్య ఎండుమిరపకాయల్లో ఎర్రటివి ఏరి మూట కట్టాడు. "ఆయనకు పంపించవే. ఆరోజు చొక్కా పట్టుకున్నా."

కోటిరత్నం ఉత్సాహంగా బస్సుకు ఎదురెళ్ళింది. కండక్టరు ఖాదర్ వలికి మూట అందించింది.

"పిడుదులు తీసే పెద్దాయనకండీ!"

"జానకిరామయ్య గారికా? శుక్రవారం పోయారమ్మా. గుండె ఆగింది."

కోటిరత్నం బస్సు మెట్టు దగ్గరికి జరిగింది.

"కుక్కలంటే అంత ప్రాణమా ఆయనకి?"

"మనవరాలంటే ప్రాణం. కుక్కకు పత్తిమందు పోసిననాడు ఆ పిల్ల దాన్ని పక్కలో వేసుకుని పడుకుంది. దక్కలేదు."

"అయ్యో! అట్టా పొయ్యమని ఏ పాపిష్టివాడు చెప్పాడండీ?"

ఖాదర్ వలి మూట తిరిగి ఆమె చేతిలో పెట్టాడు.

"పురుగుమందుల కొట్టు ఆయనదేనమ్మా. కొన్నవాళ్ళందరికీ ఆ మాట చెప్పింది ఆయనే. కొట్టు మూసేసి, మందు అమ్మిన ఊళ్ళన్నీ తిరుగుతూ వచ్చారు. ఇంకా పదకొండు ఊళ్ళు మిగిలిపోయాయి."