నిలవని పదును

"పెద్దాయనా, నువ్వు నూరేది కత్తినా, నా బిడ్డ పరువునా?"

మణెమ్మ వాకిట్లోకి వచ్చిన ఊపుకు సామ్యేలు చేతిలోని టమాట జారి గోనెపట్టా మీద పడింది. ఆ టమాట అప్పటికే గర్వంగా ఉంది. మణెమ్మ కూతురు ప్రసన్నకుమారి కత్తి దాని తోలు మీద మూడుసార్లు నడిచింది. గీత కూడా పడలేదు.

"ముందు కూర్చో మణెమ్మా. కత్తి ఉన్నకాడ నిలబడి అరవగూడదు. మా ఇస్కూల్లో అదే మొదటి పాఠం."

"ఏం ఇస్కూలప్పా నీది! ఆరుమంది పిల్లోళ్లు వస్తిరి. అయిదుమంది పాసై కత్తులు తీసుకోని పాయిరి. నా కూతురు ఒక్కటే అయిదు వారాల నుంచి ఫెయిలైతాంది. వీధిలో దాన్ని మొద్దు ప్రసన్న అంటాండారు!"

ఆళ్లగడ్డ మొత్తానికి పిల్లలకు కత్తి పట్టడం నేర్పే బడి ఇదొక్కటే. నంద్యాల హాస్టల్లో వంట చేసి దిగిపోయిన సామ్యేలు, ఆదివారం ఆరాధన అయిపోగానే తన వాకిట్లో దీన్ని తెరిచేవాడు. కూర్చునే కోయాలి. కత్తిని చేతికివ్వకూడదు; కింద పెట్టి, పిడి అవతలివాళ్ల వైపు తిప్పాలి. పదును చూడాలంటే వేలిని అంచు వెంట జరపకూడదు, అడ్డంగా ఆనించాలి. సానరాయికి దాహం తీరా నీళ్లు తాపాలి. "చానా సాన పట్టాల, సాన చానా పట్టాల!" అని ఆయన పాడితే పిల్లలు పడీపడీ నవ్వేవాళ్లు.

పరీక్ష కూడా ఆయన పెట్టిందే. ఈ ఆదివారం నూరిన కత్తి వారమంతా ఆయన పెట్టెలో ఉండాలి. వచ్చే ఆదివారం టమాటను నొక్కకుండా కోయాలి. కోస్తే పాసు, కత్తి ఇంటికి.

"నూరినప్పుడు బాగానే తెగుతాందమ్మా," అంది ప్రసన్న. ఎనిమిదేళ్ల పిల్ల. గడప ముందరి బండ మీద కూర్చుని, దాని మీది తెల్లటి గీతలను వేలితో దిద్దుతోంది. "పోయిన వారం తాత చేతిమీద వెంట్రుక గూడా తెగింది."

"తెగింది మల్ల. నాకుండేవే నాలుగు, దాంట్లో ఒకటి పాయ," అన్నాడు సామ్యేలు.

"మరి పెట్టెలో ఉండే కత్తి ఎట్ల మొద్దుబారుతాది?"

"ఒంటిగా ఉంటే ఏదైనా అంతే మణెమ్మా. తోడుండే అయిదు కత్తులూ పాయ గదా."

"నీ మాటలకేం, నూరకుండానే తెగుతాయి. ఇనుకో. వచ్చే ఆదివారం తెగిందా, పాసు, అయిపాయ. తెగలేదా, మానిపిస్తా. ఎట్లయినా ఆ పొద్దుతో సరి."

ఎమర్జెన్సీ ఎత్తేసి ఏడాదైంది గానీ, మణెమ్మ గొంతులో ఇంకా ఎత్తేయలేదు.

సామ్యేలు మనసులో ఆలోచించుకున్నాడు. తెగితే ప్రసన్న పోతుంది. తెగకపోతే ప్రసన్న ఏడుస్తూ పోతుంది.

వారానికి ఏడు రోజులంటారు. పలకరించే మనిషి లేని ఇంట్లో ఏడూ సోమవారాలే. హాస్టల్లో రెండొందలమందికి వండిన చెయ్యి, ఎసట్లో పిడికెడు బియ్యం పోయడానికి సిగ్గుపడేది. రోజూ ఎక్కువే పోసేది. పొద్దున్నే మిగిలిన అన్నాన్ని, మిగిలిన మనిషి తినేవాడు.

శనివారం సాయంత్రం సామ్యేలు పెట్టె తెరిచాడు. కత్తి తీసుకుని గడప ముందరి బండ దగ్గర చాలాసేపు కూర్చున్నాడు. తర్వాత లేచి, దాన్ని గుడ్డలో చుట్టి మళ్లీ పెట్టెలో పెట్టేశాడు.

ఆదివారం ప్రసన్న కత్తిని టమాట మీద ఆనించింది. ఆనించడం ఒక్కటే ఆ పిల్ల చేసింది. మిగతాది కత్తే చూసుకుంది.

"తెగింది!" మణెమ్మ చప్పట్లు కొట్టింది.

"తెగ తెగింది!" అని సామ్యేలు నవ్వాడు. ఆ టమాటకు అంత పెద్ద నవ్వు అక్కర్లేదు.

ప్రసన్న మాత్రం నవ్వలేదు. రెండు ముక్కలనూ వదిలేసి, తాత మొహం చూస్తోంది.

"ఏంది పాపా అట్ల జూస్తావ్? పాసైతివి గదా."

"ఇంగ నేను రాగూడదా తాతా?"

"నేర్చుకునేది అయిపాయ గదమ్మా."

ఆయన కత్తిని కింద పెట్టి, పిడి ఆమె వైపు తిప్పాడు. అంతా పాఠం ప్రకారమే.

"దా, మొద్దు అన్నోళ్ల ఇండ్ల ముందర నుంచే పోదాం," అంటూ మణెమ్మ కూతుర్ని లేవదీసింది.

మరుసటి ఆదివారం సామ్యేలు చర్చి నుంచి వచ్చి, అలవాటుగా రెండు గోనెపట్టాలు పరిచాడు. ఒకదాని మీద కూర్చున్నాడు. రెండోదాన్ని చూశాడు. మడిచేద్దామని చెయ్యి చాపాడు.

దాని మీద ప్రసన్న వచ్చి కూర్చుంది. గుడ్డ విప్పి, కత్తిని కింద పెట్టి, పిడి ఆయన వైపు తిప్పింది.

"తాతా, మొద్దుబారింది."

సామ్యేలు బొటనవేలు అడ్డంగా ఆనించి చూశాడు. అరటిపండు కూడా భయపడని కత్తి.

"వారానికేనా? ఇంట్లో దీంతో కట్టెలు గాని కొట్టినారా ఏంది?"

ప్రసన్న వీధి వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

"పోయిన వారం నువ్వు బండకు రుద్దేది మర్చిపోయినావు గదా తాతా, అందుకే ఈసారి నేనే రుద్దుకోనొచ్చినా."