చెరిగిన ఎక్స్‌రే

ఇనుప రాడ్డు రెండోసారి లేచి దిగింది. చెన్నకేశవన్ కుడిచెయ్యి ఫట్‌మంది.

సింగానల్లూరు స్కాన్ సెంటర్లో తల నెరిసేదాకా ఎక్స్‌రేలు తీసిన మనిషి. ఎముక విరిగిన చప్పుడు ఆయనకు తెలిసిపోయింది.

“ఒళుంగా, మర్యాదగా చెప్పు, పెద్దాయనా,” అన్నాడు జీవ. మదురై నుంచి వచ్చిన ముగ్గురిలో వాడే ముఖ్యుడు. “ఆ మీనాంబాళ్ యాడ ఉండాది?”

“దినమూ ఎందరో వస్తారు తంబీ. అందరి ఇండ్లూ నాకు తెలుసునా?”

జీవ బూటుకాలితో ఆయన కడుపులో తన్నాడు. వాచ్‌మన్ అప్పటికే పగిలిన ముక్కుతో మెట్ల మీద పడి ఉన్నాడు. అద్దాల తలుపు ముక్కలై నేలంతా పరుచుకుంది. సెంటర్ కంప్యూటర్లు చూసుకునే పొన్ను మెడకు మరొకడు కొడవలి ఆనించి నిలబడ్డాడు.

జీవ ఆమె వైపు తిరిగాడు. “మీనాంబాళ్ మాకు జీతమిచ్చే మొదలాళి పెండ్లాము. నేను పనిలో చేరకముందే ఇల్లు విడిచిపెట్టి, కొట్టినాడని కోర్టుకు పోయింది. రేపు విచారణ. వక్కీలు దగ్గరుండే ఫిలిము కాల్చేసినాము. ఇంక మిగిలింది మీ కంప్యూటర్లో ఉండే ఎక్స్‌రే పడమే. తీసెయ్యి!”

“వద్దు అమ్మణీ!” నేల మీంచి చెన్నకేశవన్ అరిచాడు.

రాడ్డు ఈసారి ఆయన మోకాలి మీద పడింది.

“ఆయన్ను కొట్టొద్దు! తీసేస్తాను,” అంది పొన్ను.

అక్కడ ఎక్స్‌రేలు విడి ఫైళ్లుగా ఉండవు. ప్రతి బొమ్మా అంకెల వరుసగా మారి, డేటాబేస్ పట్టికలో రోగి పేరు పక్క గడిలో కూర్చుంటుంది. అడిగినప్పుడు ఆ అంకెలే మళ్లీ ఎముకలై తెర మీదికొస్తాయి. ఆ డేటాబేస్ ఉన్న సర్వరు ఆర్.ఎస్. పురం పెద్దాఫీసులో ఉంది.

పొన్ను పేరు కొట్టి వెతికింది. బొమ్మ వచ్చింది. ఎడమవైపు రెండు పక్కటెముకలు విరిగి ఉన్నాయి.

“మా మొదలాళి దెబ్బంటే దెబ్బే!” జీవ ఇకిలించాడు.

పొన్ను మళ్లీ కీబోర్డు అందుకుంది. తొలగించమని ఒక వరుస టైపు చేసింది. మళ్లీ వెతికి చూపించింది. ఆ పేరుతో ఏమీ లేదు.

“మళ్లా రాదు కదా?”

“మీరే చూసినారు కదా అణ్ణా.”

జీవకు నమ్మకం కుదరలేదు. రాడ్డెత్తి కంప్యూటర్‌ను చితక్కొట్టాడు. తెర పగిలింది, వైర్లు తెగాయి, నిప్పురవ్వలు లేచాయి. పోతూ పోతూ పొన్ను చెంప పగలగొట్టాడు.

“పోలీసులకు చెప్తే తల ఉండదు!”

కారు వెళ్లిపోగానే పొన్ను పోలీసులకూ ఆంబులెన్సుకూ ఫోన్ చేసింది. చెన్నకేశవన్ తలను ఒళ్లోకి తీసుకుంది.

“పడము పోయిందా, అమ్మణీ?”

“పోలా, పెదనాయనా. తీసెయ్యమన్నానే గానీ ఖరారు చెయ్యలా. ఖరారు చేసేలోపల లైను తెగితే డేటాబేస్ ఆ మార్పును తానే వెనక్కి తీసుకుంటాది. ఆ లైను తెంచింది వాడే!”

నవ్వబోయి ఆయన నొప్పితో మూలిగాడు.

పోలీసులు వచ్చేసరికి డాక్టరు గదిలోని కంప్యూటర్లో విరిగిన పక్కటెముకలు చెక్కుచెదరకుండా వెలుగుతున్నాయి. ఇన్‌స్పెక్టర్ బొమ్మ కింది పేరు చదివాడు.

“కేసుకు ఈవిడే ముఖ్యం. ఈ మీనాంబాళ్ ఎక్కడుంటుందో మీలో ఎవరికైనా తెలుసా?”

స్ట్రెచర్ మీద చెన్నకేశవన్ అప్పుడు కూడా నోరు విప్పలేదు.

“అది నా అసలు పేరు, సార్,” అంది పొన్ను.