ఎడమ పక్క

విమానం ఆగీ ఆగకముందే చక్రాలకు పెట్టే అడ్డు చెక్క చంకన పెట్టుకుని ఎల్లేష్ ఉరికాడు.

ముందు చక్రం కింద మొదటి చెక్క తనే పెట్టాలి. పైనుంచి పైలెట్ చూసి బొటనవేలు ఎత్తాలి. అతని ఆశల్లా అంతే.

నాలుగడుగులు వేశాడో లేదో, వెనక నుంచి ఎవరో నడుంబెల్టు పట్టి గుంజారు. ఎల్లేష్ అందరి ముందూ వెల్లకిలా పడ్డాడు.

చూస్తే సిద్దిరాములు! చెయ్యి చాచి ఎడమవైపు ఇంజను చూపిస్తున్నాడు.

లోపల ఫ్యాను ఇంకా తిరుగుతూనే ఉంది. నేల మీది చిత్తుకాగితం ఒకటి లేచి, సర్రున అందులోకి పోయి మాయమైంది.

"పానం మీద తీపి లేదా తమ్మీ?"

"నోటితోని చెప్పరాదా? గొడ్డును గుంజినట్టు గుంజుతవేంది?"

సిద్దిరాములు అతన్ని లేపి, వచ్చి ఎడమ పక్కన నిలబడ్డాడు.

సూపర్‌వైజర్ జైపాల్ పరుగెత్తుకొచ్చాడు. "శభాష్ సిద్దిరాములన్నా! రేపటి సంది ముందు చక్రం నీదే."

ఎల్లేష్‌కి ఒళ్ళంతా కారం పూసినట్టయింది.

రెండువేల ఒకటిలో పనిలో చేరాడు. రెండేళ్ళుగా ఆ ముందు చక్రం కోసం కాచుకుని కూర్చున్నాడు. ఈ యాభై ఏళ్ళ మనిషి షామీర్‌పేట నుంచి మొన్నమొన్న వచ్చాడు. వచ్చి నాలుగు నెలలైందో లేదో, ఎగరేసుకుపోయాడు. కన్ను కుట్టదూ మరి!

పోనీ దూరంగా ఉంటాడా అంటే అదీ లేదు. ఎల్లేష్ ఎక్కడ నిలబడితే అక్కడ, ఎడమ పక్కన ప్రత్యక్షం. పిలవడు, చొక్కా పట్టి గుంజుతాడు. కంపెనీ వ్యానులోనూ అంతే. జవహర్‌నగర్ చెత్తగుట్టల కంపుకు అందరూ ముక్కులు మూసుకుని కిటికీల వైపు జరిగినా, ఆయన మాత్రం ఎల్లేష్ ఎడమ పక్క సీటు వదలడు.

పైగా నీతులు.

"చప్పుడుకు చెవులు ఖరాబైతయి తమ్మీ. డొప్పలు మెడకు గాదు, చెవులకు వెట్టుకో."

"అయి వెట్టుకుంటే ముసలోని లెక్క కొడ్త. నువ్వే వెట్టుకో."

ఆ సాయంత్రం కౌకూర్‌లో ఇంటికొచ్చి కూర్చున్నాడు. భార్య వినోద పళ్ళెం తెచ్చి ముందు పెట్టింది.

"బువ్వకు రమ్మని మూడుసార్లు పిలిస్తి. పలుకవేంది?"

"గా సిద్దిరాములు నన్ను పరేషాన్ చేస్తుండు."

"ఇయ్యాల నీ పానం కాపాడింది ఆయనేనంట గద? నీతోని పనిజేసే శేఖర్ పెండ్లాం చెప్పింది. గసొంటి మనిషి దొరుకుడు నీ అదృష్టం."

అదే తక్కువైంది! ఇంట్లో కూడా ఆయన భజనే.

ఎల్లేష్ పళ్ళెం పక్కకు నెట్టి, కాగితం తీసి, మేనేజరుకు ఆకాశరామన్న ఉత్తరం రాశాడు.

"సిద్దిరాములుకు చెవులు వినపడవు. అందుకే మనుషులను లాగుతున్నాడు. ఇటువంటివాడు ఇంజను దగ్గర ఉంటే ప్రాణాలు పోతాయి."

రాసినదాన్ని మళ్ళీ ఒకసారి చదువుకుని మురిసిపోయాడు.

నాలుగో రోజు వ్యానులో ఎడమ పక్క సీటు ఖాళీగా ఉంది.

"సిద్దిరాములన్న నౌకరి ఇడిసిపెట్టిండు," అన్నాడు జైపాల్.

ఎల్లేష్ కడుపు చల్లబడింది. "అయితే ముందు చక్రం నాదేనా?"

"శేఖర్‌ది. నువ్వు ఇయ్యాల్టి సంది లోపల, సామాన్ల బెల్టు కాడ."

"నేనేం తప్పు చేసిన?"

"ఏమో మరి. పోతా పోతా సిద్దిరాములన్న గదొక్కటే అడిగిండు. ఎందుకని అడిగితే చెప్పలే."

పోతూ పోతూ కూడా తన నోటికాడి ముద్ద తన్నేశాడు! బెల్టు దగ్గర పెట్టెలు విసిరేస్తూ ఎల్లేష్ ఆయన్ని తిట్టని తిట్టు లేదు.

ఎవరో చొక్కా పట్టి గుంజారు. ఉలిక్కిపడ్డాడు.

ఆఫీసు గదులు ఊడ్చే దుర్గాబాయి, చేతిలో చీపురుతో.

"నీకు గూడ గదే రోగమా అక్కా? పిలువరాదా?"

"నాలుగుసార్లు పిలిచిన, గీ ఎడమ పక్క నిలవడి. సిద్దిరాములన్న చెప్పింది నిజమే."

"ఏం చెప్పిండు?"

"నీకు ఎడమ చెవి ఇనవడదని. మొన్న ఇంజను కాడ 'ఆగు తమ్మీ' అని ఎంత మొత్తుకున్నడు! అంత దూరంల నాకు ఇనవడ్డది. నువ్వు ఇనలే."

ఎల్లేష్ నవ్వబోయాడు. నవ్వు రాలేదు. మెల్లగా చెయ్యెత్తి కుడి చెవిని గట్టిగా మూసుకున్నాడు.

బెల్టు చప్పుడు ఆగిపోయింది. దుర్గాబాయి పెదవులు కదులుతున్నాయి. మాట లేదు.

గబుక్కున చెయ్యి తీశాడు.

"...సిద్దిరాములన్న చెవిటోడని ఎవడో ఉత్తరం రాసిండంట. ఆయనొక్కనియే గాదు, మిషిను తెప్పించి అందరి చెవులు చూపిస్తనన్నడు మేనేజరు సారు. ఇనవడనోన్ని ఇంటికి తోలుతరు గద! నేను గాడ్నే ఊడుస్తున్న. 'అందరెందుకు సారూ, ఇనవడనిది నాకే, పోతున్న' అన్నడు సిద్దిరాములన్న. నిన్ను మాత్రం జల్దీ దవాఖానల చూపించుకొమ్మన్నడు."

"ఆయనకు నిజంగనే ఇనవడదా అక్కా?"

"ఆయనకా? షామీర్‌పేట చెరువుల చేప ఎగిరితే, ఒడ్డు మీద కండ్లు మూసుకోని ఏ దిక్కో చెప్తడు!"

ఎల్లేష్ ఎడమ పక్కకు తిరిగి చూశాడు. ఎవరూ లేరు.

ఉత్తరం రాసి మరీ వెళ్ళగొట్టుకున్నది, నాలుగు నెలలుగా తన పక్కనే నిలబడిన తన ఎడమ చెవిని.