మూడో తీగ

ఎతాంప్ విమానాల మైదానంలో గాలికి జంకి ఎగరకుండా ఆగిన పైలట్‌ని పిరికివాడనేవారు. తీగ వదులైందని ఆగితే మాత్రం ఎవరూ నవ్వేవారు కాదు.

అన్సెల్మ్ విమానం ఎక్కి కూర్చున్నాడు. గుడ్డ రెక్కలను పట్టి ఉంచే తీగలను అతని భార్య క్లోటిల్డ్ రోజూలాగే ఒక్కొక్కటీ మీటి చూసింది. పియానో నేర్పే మనిషి, బిగువు చెవితోనే పట్టేస్తుంది.

"దిగు. మూడోది వదులైంది."

"రాత్రే బిగించాను కదా! జనం చూస్తున్నారు, నా పరువు తీయకు."

"అయితే నువ్వే విను."

తీగ బొంగురుగా మోగింది. అన్సెల్మ్ తిట్టుకుంటూ దిగాడు. అతని వంతు తర్వాతి పైలట్‌కి వెళ్లింది.

ఆ పైలట్ విమానం చెట్ల ఎత్తు దాటగానే గాలి విసిరి కొట్టింది. రెక్క మడతపడింది. జనం పరిగెత్తి వెళ్లేసరికి పైలట్‌లో ప్రాణం లేదు.

అన్సెల్మ్ భార్య చేయి పట్టుకున్నాడు. "ఇవాళ నీ చెవే నన్ను బతికించింది. ఇకమీదట నువ్వు సరేనంటేనే ఎక్కుతాను."

క్లోటిల్డ్ అటు చూసింది. అవతల చనిపోయినవాడి భార్య టోపీ జారిపోయినా ఆగకుండా పరిగెత్తుతోంది.

తెల్లవారుతూనే గాలి వాటం బాగాలేదని చూసి, తాను భర్త విమానం మూడో తీగను వదులు చేసిన పానా ఇంకా క్లోటిల్డ్ కోటు జేబులోనే ఉంది.